ఊళ్లో ఫస్టు, క్యాంపస్‌లో ఆరువందో నంబరు: ప్రతిభగల పిల్లల మనసు, బడి బాధ్యత

క్లుప్తంగా: బాగా చదివే పిల్లలకు మానసిక సమస్యలు మిగతావారికంటే ఎక్కువని ఆధారాలు లేవు. ఇబ్బంది రెండు చోట్ల మొదలవుతుంది. మొదటిది, పాఠం మరీ తేలికై ఓటమి అంటే ఏమిటో తెలియకుండా ఏళ్లు గడిచిపోయే ఊరి హైస్కూలు. రెండోది, చేరినవాళ్లంతా ఎక్కడో ఒకచోట ఫస్టు వచ్చినవాళ్లే అయిన రెసిడెన్షియల్ క్యాంపస్. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు మొదటిదాన్నుంచి రెండోదానికి ఒక్క వేసవి సెలవుల్లో మారిపోతారు. బడి శ్రద్ధ పెట్టాల్సింది ఆ మార్పుకు ముందూ, ఆ తర్వాత వచ్చే తొలి ఆరు వారాల్లోనూ.

పదో తరగతి ఫలితాలు రాగానే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనూ విజయనగరం గంటస్తంభం దగ్గరా ఫ్లెక్సీలు లేస్తాయి. 600కు 590 దాటిన పిల్లల ఫొటోలు, కింద బడి పేరు, అడ్మిషన్ల కోసం ఫోన్ నంబరు. ఆ పిల్లలు ఆగస్టు నాటికి ఏ హాస్టల్లో ఎలా ఉన్నారో పట్టించుకునే ఏర్పాటు మాత్రం చాలా బళ్లలో లేదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని ముందుకు తెచ్చింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్‌ను గానీ సైకాలజిస్టును గానీ సోషల్ వర్కర్‌ను గానీ పెట్టుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకూ మానాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. తగిన చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి. దీనిపై సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. చదువులో వెనకబడ్డ పిల్లలకు అండ కావాలంటే అర్థముంది, ఫస్టు వచ్చే పిల్లకు ఏం లోటని?

తెలివి దానంతటదే జబ్బు కాదు

1921లో అమెరికాలో లూయిస్ టెర్మన్ తెలివితేటల పరీక్షలో పైస్థాయిలో నిలిచిన 1,500 మందికి పైగా పిల్లలను ఎంచుకున్నాడు. వాళ్లను దశాబ్దాలపాటు గమనించిన ఆ అధ్యయనంలో ఆరోగ్యంలో గానీ, నలుగురితో మెలగడంలో గానీ వారు తోటివారికి తీసిపోలేదని తేలింది. అయితే ఆ ఎంపికకు తొలి జల్లెడ టీచర్ల సిఫారసు. కలిగిన ఇళ్ల పిల్లలే అందులో ఎక్కువ. తర్వాతి కాలంలో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్ ఇద్దరూ చిన్నప్పుడు ఆ పరీక్షలో ఎంపిక కాలేదు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు కూడా సగటున పెద్ద తేడా లేదనే చెబుతున్నాయి. తెలివి ఎక్కువైతే మతి చెడుతుందన్న మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది గానీ దానికి ఆధారం లేదు.

సగటు వెనక మరో సంగతి ఉంది. ఇలాంటి పిల్లల ఎదుగుదల అన్ని వైపులా ఒకే వేగంతో సాగదు. 1991 నుంచి ఈ రంగంలో పనిచేసేవాళ్లు ప్రతిభను నిర్వచించేటప్పుడే ఈ అసమాన ఎదుగుదలను లెక్కలోకి తీసుకుంటున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల ఇంటర్ లెక్కలు చేయగలదు. కానీ స్నేహితురాలు మాట్లాడటం మానేస్తే వచ్చే ఏడుపు పదమూడేళ్ల పిల్లదే. చేతిరాత ఒక్కోసారి పదేళ్ల పిల్లది. పెద్దలు మాత్రం ఆ లెక్కల వయసునే కొలతగా పట్టుకుంటారు. ‘ఇంత తెలివైనదానివి, ఈమాత్రానికి ఏడుస్తావేంటి’ అన్న మాట రెండుమూడుసార్లు పడితే చాలు, ఏడవడం కూడా తెలివి తక్కువతనమేనని పిల్ల నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాత బాధ వచ్చినా చెప్పదు.

పీరియడ్‌లో మిగిలిపోయే సమయం

న్యూయార్క్‌లో పనిచేసిన లెటా హాలింగ్‌వర్త్ ఇలాంటి పిల్లలను దగ్గరగా పరిశీలించిన తొలితరం మనస్తత్వవేత్త. ఐక్యూ 140 ఉన్న పిల్లలకు మామూలు తరగతిలో సగం సమయం వృథా అవుతుందనీ, 170 పైబడినవారికి దాదాపు మొత్తం సమయమూ వృథాయేననీ ఆమె అంచనా. లెక్క కొంచెం అటూఇటూ అయినా, నలభై నిమిషాల పీరియడ్‌లో పదిహేను నిమిషాలకే పని ముగించి కూర్చునే పిల్ల ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లోనూ ఉంటుంది.

ఆ మిగిలిన సమయంలో కొందరు అల్లరి చేస్తారు, ‘పొగరు’ అన్న పేరు తెచ్చుకుంటారు. కొందరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. మరికొందరు తమకు వచ్చని బయటపడకుండా చూసుకుంటారు. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా గమనించాల్సిన విషయం. జవాబు తెలిసినా చెయ్యెత్తకపోవడం, పరీక్షలో కావాలని ఒక ప్రశ్న వదిలేయడం దీని గుర్తులు. 1980లలో లారెన్స్ కోల్‌మన్, ట్రేసీ క్రాస్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ దాచుకోవడాన్ని వివరించారు. తెలివైన పిల్ల అన్న ముద్ర పడితే తోటివాళ్లు మామూలుగా మెలగరని పిల్లలకు తెలుసు. అందుకే తమ గురించి ఎవరికి ఎంత తెలియాలో కొలిచి మరీ బయటపెడతారు.

మన బళ్లలో ఇంకో దారి కూడా ఉంది. పని ముగించిన పిల్లను టీచరు తన సాయానికి వాడుకుంటారు. బోర్డు మీద లెక్కలు రాయించడం, నోటుపుస్తకాలు దిద్దించడం, వెనక బెంచీ వాళ్లకు అప్పజెప్పించడం. అప్పుడప్పుడైతే ఇద్దరికీ మేలే. రోజూ అదే పనైతే ఆ పిల్ల తరగతికి టీచరు మనిషి అవుతుంది. ఆటకు పిలిచేవాళ్లు తగ్గిపోతారు. తనకు కొత్తగా నేర్పేవాళ్లు ఉండరు. కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ రెన్‌జుల్లి, శాలీ రైస్ ప్రచారంలోకి తెచ్చిన పాఠ్యభాగం కుదింపు, అంటే వచ్చిన భాగాన్ని వదిలేసి ఆ సమయంలో వేరే పని ఇవ్వడం, ఇందుకు మందు. ఖర్చు లేదు, అదనపు టీచరూ అక్కర్లేదు.

ఎనిమిదో తరగతి ఏకచరరాశి సమీకరణాల పాఠాన్ని ఉదాహరణగా తీసుకుంటే పద్ధతి ఇలా ఉంటుంది. పాఠం మొదలుపెట్టే ముందురోజు తరగతి మొత్తానికీ పది ప్రశ్నల చిన్న పరీక్ష, ఇరవై నిమిషాలు. కొందరినే ఎంచి పెట్టకూడదు, అందరికీ పెట్టాలి. ఎనిమిది లేదా అంతకు మించి సరిగ్గా చేసినవాళ్లు తాము తప్పు చేసిన భాగం చెప్పే రోజు మాత్రం అందరితో పాటు వింటారు. అభ్యాసం లెక్కల రోజుల్లో వాళ్లకు వేరే పని ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి చేసేదై ఉండాలి, పాఠ్యపుస్తకంలో జవాబు దొరక్కూడదు. తేలినీలాపురం విడిది చెట్ల మీదికి వచ్చే ఎర్రకాళ్ల కొంగల గూళ్లను వారానికోసారి లెక్కపెట్టి గ్రాఫ్ గీయడం, ఉద్దానం వైపు బళ్లయితే ఇరవై ఇళ్ల బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) కొలిచి బావి లోతుతో పోల్చడం లాంటివి. ఆరో తరగతి నుంచి ఉన్న ఇన్‌స్పైర్ మానక్‌కు, అంటే పిల్లల విజ్ఞాన ఆలోచనలను ఎంపిక చేసే కేంద్ర పథకానికి, ఆలోచనలు కూడా ఇలాంటి పనుల్లోంచే పుడతాయి. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు వస్తాయి.

ఇది చెడిపోయే తీరు కూడా తెలిసిందే. త్వరగా ముగించిన పిల్లకు అలాంటివే మరో పదిహేను లెక్కలిస్తే అది శిక్ష అవుతుంది. తర్వాతిసారి ఆ పిల్ల నెమ్మదిగా చేస్తుంది. వేరే బెంచీలో విడిగా కూర్చోబెడితే ముద్ర పడుతుంది. ప్రత్యేక పనికి మార్కులు వేస్తే పిల్లలు తప్పు రాని తేలిక పనినే ఎంచుకుంటారు. అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు, పని ఇచ్చి టీచరు మర్చిపోవడం. వారానికి రెండుసార్లు ఐదు నిమిషాలు కూర్చుని ఎక్కడ ఆగిపోయారో అడక్కపోతే రెండు వారాల్లో అంతా నీరుగారిపోతుంది.

కనబడే ప్రతిభ, కనబడనిది

మన దగ్గర గుర్తింపు అంటే ప్రవేశపరీక్ష. నవోదయ ఆరో తరగతి పరీక్ష, కోరుకొండ సైనిక్ స్కూల్ పరీక్ష, గురుకులాల సీట్లు, చివర్లో పదో తరగతి మార్కులు. నవోదయ ఒక్కో విద్యాలయానికి ఏటా గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటుంది, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులవి. ఈ దారులన్నీ పిల్లను ఊరి బడి నుంచి తీసుకుపోయేవే. జాతీయ ఉపకార వేతన పరీక్ష, అంటే ఎన్‌ఎంఎంఎస్, ఒక్కటే ఇందుకు భిన్నం. ఎనిమిదో తరగతిలో 90 ప్రశ్నల మానసిక సామర్థ్య పరీక్ష, మరో 90 ప్రశ్నల సబ్జెక్టు పరీక్ష రాసి ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్ వరకూ ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు మించకూడదు. నవోదయ, రెసిడెన్షియల్ బళ్ల పిల్లలు అర్హులు కారు. అంటే ఊళ్లోనే ఉండి చదివే పిల్లకు అందే పథకం ఇది. దాని ఫలితాల జాబితా హెచ్‌ఎం దగ్గరుంటుంది కాబట్టి, ఎవరికి పాఠం కుదించాలో మొదటి సంవత్సరం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

పరీక్షకు దొరకని వాళ్లు మాత్రం చాలామంది. నోటితో గుణకారాలు గబగబా చెప్పి, రాతలో తడబడే పిల్లాడికి డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బంది, ఉండవచ్చు. డిస్లెక్సియా లాంటి ప్రత్యేక అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. మండల భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులకు ఒకసారి చూపించడం మేలు. తెలివి, ఇబ్బంది రెండూ ఉన్న పిల్లల్లో ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది, బడికి కనిపించేది సాధారణ విద్యార్థి. సీతంపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో చేరిన సవర గిరిజన పిల్లలకు పాఠం భాషే అడ్డు.

చదువు బయటి ప్రతిభకు ఈ జిల్లాలు పేరు మోసినవే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆటలో పైకి వచ్చే పిల్లలకు ఒక మేలు ఉంది. వాళ్లు వారానికి పదిసార్లు బరువు ఎత్తలేక వదిలేస్తారు, దాన్నెవరూ పరువు సమస్య చేయరు. లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్లకు ఆ అలవాటు ఎవరూ చేయడం లేదు.

అసలు దెబ్బ తగిలే చోటు

ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలోని ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌ను, జనం నోట ట్రిపుల్ ఐటీని, చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, ఏటా దాదాపు వెయ్యి సీట్లు, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల ఇంజినీరింగ్. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బళ్ల పిల్లలకు 4 శాతం అదనంగా కలుస్తుంది కాబట్టి మారుమూల మండలాల టాపర్లు కూడా వస్తారు. చేరిన వెయ్యిమందిలో దాదాపు అందరూ బడిలో మొదటి వరుస వాళ్లే. మొదటి పరీక్ష పెట్టగానే వాళ్లలో 500 మంది సగం కిందికి పోతారు. ఇది ఎవరి తప్పూ కాదు, ఏ పరీక్ష పెట్టినా తప్పదు. పదేళ్లు ఒకటి తప్ప వేరే నంబరు ఎరగని పిల్ల కార్డు మీద 612 అని చూసినప్పుడు, ఆ లెక్క ముందే చెప్పినవాళ్లు ఎవరూ ఉండరు.

మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980లలో దీన్ని చిన్న చెరువులో పెద్ద చేప ప్రభావం అని పిలిచాడు. సమాన సామర్థ్యం ఉన్న ఇద్దరిలో, ఎంపిక చేసిన బడిలో చేరినవాళ్లకు తమ చదువుపై నమ్మకం తగ్గుతుంది, మామూలు బడిలో ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉంటుంది. మనిషి తన్ను తాను పక్కవాళ్లతోనే కొలుచుకుంటాడు, రాష్ట్రంతో కాదు. ఎన్నో దేశాల్లో ఇదే ఫలితం కనిపించింది. మార్కులు నిజంగా తగ్గక ముందే నమ్మకం తగ్గుతుంది, నమ్మకం తగ్గాక ప్రయత్నం తగ్గుతుంది.

దీనికి తోడు ఇన్నేళ్లూ విన్న పొగడ్త. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో ‘తెలివైనవాడివి’ అని పొగిడిన పిల్లలు తర్వాత తేలిక పనినే ఎంచుకున్నారు, ఒక్కసారి ఓడాక మునుపటికంటే తక్కువ చేశారు. ‘బాగా కష్టపడ్డావు’ అని విన్నవాళ్లు కష్టమైన పని అడిగారు. గెలుపుకు కారణం తెలివి అయితే ఓటమికి కారణం తెలివి లేకపోవడమే అవుతుంది కదా. తర్వాత పెద్ద ఎత్తున జరిగిన అధ్యయనాల్లో, కష్టపడితే తెలివి పెరుగుతుందని నేర్పే పాఠాల ప్రభావం చిన్నదిగానే తేలింది కాబట్టి పొగడ్త మారిస్తే చాలనుకోకూడదు. ఇదే స్థితిలో కొందరు ‘పొరపాటున సీటొచ్చింది, ఎప్పుడో బయటపడిపోతుంది’ అనుకుంటారు. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ విజయవంతులైన మహిళల్లో ఈ భావనను వివరించారు.

పదకొండేళ్లకే హాస్టల్‌కు వెళ్లే నవోదయ పిల్లలకు, అంటే వెన్నెలవలసలోనో కిల్తంపాలెంలోనో చేరేవారికి, ర్యాంకు కంటే ముందు ఇంటి బెంగ. తొమ్మిదో తరగతిలో కొందరు వలస పథకం కింద హిందీ రాష్ట్రంలోని విద్యాలయానికి ఏడాదిపాటు వెళ్తారు. అప్పుడు అదే బెంగ రెండోసారి వస్తుంది. ప్రైవేటు ఇంటర్ కాలేజీల్లో తీరు వేరు. వారం వారం పరీక్ష పెట్టి ఆ మార్కులతో సెక్షన్లు మార్చే పద్ధతి ఉన్నచోట స్నేహం ఏర్పడటానికి సమయమే ఉండదు. బల్ల పక్కనున్నవాడు వచ్చే వారం ఉంటాడో లేదో తెలియదు.

ముందూ తర్వాతా చేయగలిగినవి

తొమ్మిది, పదో తరగతుల్లో చేయాల్సింది ఓటమిని మామూలు చేయడం. వారానికి ఒక సమస్య, మూడు రోజులు పట్టేది, చాలామందికి పూర్తిగా రానిది. గణిత ఒలింపియాడ్ తొలి అర్హత పరీక్ష ఐఓక్యూఎం పాత ప్రశ్నపత్రాలు ఇందుకు సరిపోతాయి. మార్కులు వద్దు, జవాబు కంటే ఎక్కడ ఆగారో రాయించాలి. సాయం అడగడం కూడా నేర్పించాల్సిన పనే. బడిలో ఎప్పుడూ చెప్పేవైపే ఉన్న పిల్లకు అడగడం రాదు. సెలవులకు ముందు, అదే బడి నుంచి రెండేళ్ల క్రితం వెళ్లిన సీనియర్‌తో అరగంట వీడియో కాల్ పెట్టి, మొదటి పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పించాలి. ఫ్లెక్సీలో ఫొటో వేసినప్పుడు ర్యాంకు తీసేస్తే బడికి పోయేదేమీ లేదు.

చేర్చుకున్న సంస్థ వైపు పని ఎక్కువ. పన్నెండు నుంచి పదిహేను మందికి ఒక మెంటర్, తొలి ఆరు వారాలు వారానికి రెండుసార్లు పది నిమిషాలు. మొదటి పరీక్ష మార్కులు గోడకు అతికించకుండా ఎవరివి వాళ్లకే ఇవ్వాలి. ర్యాంకు బదులు తరగతి మధ్యస్థ మార్కు (సగం మంది దానికి పైన, సగం మంది కింద ఉండేది), గరిష్ఠం, కనిష్ఠం చెబితే పిల్లకు తన స్థానం మీద నిజమైన అంచనా ఉంటుంది. మొదటి సెమిస్టర్ మొత్తం సెక్షన్ మార్చకూడదు. ఇంటికి ఫోన్ సమయం రోజూ ఒకటే ఉండాలి. ఎప్పుడు మాట్లాడతారో తెలియనప్పుడే బెంగ పెరుగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. రాత్రి పదకొండు వరకూ స్టడీ అవర్, ఉదయం ఐదుకు బెల్లు ఉన్న టైమ్‌టేబుల్‌లో అది కుదరదు, ఏ కౌన్సెలర్ వచ్చినా ఈ లోటు తీర్చలేరు.

ఇంటి మాట బరువు

శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా చేపల వేటకు వెళ్లేవాళ్లు, హైదరాబాద్, చెన్నైలలో కట్టుబడి పనికి వెళ్లేవాళ్లు చాలామంది. పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర. ‘మా గుంటడికి సీటొచ్చింది’ అన్న కబురు ఆ ఇళ్లలో అప్పుల లెక్కతో కలిసిపోతుంది. ‘ఇంటిల్లిపాదికీ నువ్వే దిక్కు’ అన్నది ప్రేమతో అన్న మాటే. కానీ ఆ పిల్లాడు మార్కులు తగ్గిన సంగతి ఇంట్లో చెప్పలేకపోవడానికి కూడా అదే కారణం. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగాయి. అలాంటి సమావేశానికి నాయనమ్మ వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు చదివి వినిపించడంతో ఆపకూడదు. పిల్లాడు ఎవరితో ఆడుకుంటాడు, రాత్రి ఎప్పుడు పడుకుంటాడు, నెల రోజుల్లో ఇష్టంగా చేసిన పనేమిటి అని అడగాలి. ఫోన్‌లో మాట్లాడే తండ్రికి చెప్పాల్సిందీ చిన్నదే. మొదటి ప్రశ్నగా మార్కులు అడక్కుండా, తిన్నావా అని అడగడం.

కౌన్సెలర్ దగ్గరికి ఎవరు వస్తారు

నిద్ర, తిండి మారిపోవడం, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, ఎవరితోనూ కలవకపోవడం రెండు వారాలు దాటి సాగితే వైద్యుడికి చూపించాలి. చనిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా అంతవరకూ ఆగకూడదు. పిల్లను ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, మరింత వైద్యం కావాలంటే విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అందుబాటులో ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది, చైల్డ్‌లైన్ 1098. తీర్పు ప్రకారం ఇలాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, తరగతి గదుల దగ్గర కనబడేలా రాసి ఉండాలి. చెప్పింది బయటికి పోదన్న మాట ముందే ఇవ్వాలి, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం పెద్దలకు చెప్పక తప్పదన్నదీ అప్పుడే చెప్పాలి.

ఫస్టు వచ్చే పిల్లలు తమంతట తాముగా కౌన్సెలర్ గది తలుపు తట్టడం అరుదు. పేరు పోతుందన్న భయం వాళ్లకే ఎక్కువ. ‘సమస్య ఉన్నవాళ్లు రండి’ అని బోర్డు పెట్టిన గది వాళ్ల మటుకు ఖాళీగానే ఉంటుంది. అందువల్ల హాజరుపట్టీ వరుసలో అందరినీ పిలవడం మంచిది, అప్పుడు ఎవరెందుకు వెళ్లారన్న ప్రశ్నే రాదు. నాలుగు వందల మంది ఉన్న హైస్కూల్లో ఒక్కొక్కరికి పది నిమిషాలు చొప్పున, రోజుకు మూడు గంటలు కేటాయిస్తే పద్దెనిమిది మంది అవుతారు. మొత్తం ఇరవై మూడు పనిదినాలు. జూన్ 12న బడి తెరిచిన రోజే మొదలుపెడితే జూలై రెండో వారానికల్లా, మొదటి ఫార్మేటివ్ పరీక్షకు ముందే ఒక చుట్టు పూర్తవుతుంది.